మెరినో ఉన్ని బట్టలు ఉతకడం, కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మెరినో స్వెటరో టీషర్టో కొన్నవాళ్లలో చాలామందికి మొదటి ఉతుకంటేనే టెన్షన్. అంత డబ్బు పెట్టి కొన్నది చిన్నపిల్లల సైజుకు వచ్చేస్తుందేమోనని కొందరు అసలు ఉతకరు. మరికొందరు ప్రతిసారీ డ్రై క్లీనింగ్‌కు పంపిస్తారు. రెండూ అక్కర్లేదు. ఉన్నికి నీళ్లతో పేచీ లేదు, రాపిడితోనే పేచీ. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద ఉన్న జవాబుల్లో సగం మీరే ఊహించగలరు.

మామూలు ఉన్నికీ మెరినోకీ తేడా ఏమిటి?

మెరినో ఒక గొర్రె జాతి పేరు. స్పెయిన్‌లో పేరు తెచ్చుకున్న జాతి ఇది. 18వ శతాబ్దం దాకా ఆ దేశం వీటిని సరిహద్దు దాటనివ్వలేదు. 1797లో ఆస్ట్రేలియా చేరాయి. బట్టలకు వాడే సన్న ఉన్నిలో పెద్ద వాటా ఇప్పుడు అక్కడిదే.

తేడా అంతా పోగు మందంలోనే ఉంది. మెరినో పోగు సుమారు 24 మైక్రాన్ల లోపే ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఒంటికి ఆనించి వేసుకునే బట్టలకు ఇంకా సన్నది, 19 మైక్రాన్లు, 17 మైక్రాన్లు, అలాంటిది వాడతారు. మన తలవెంట్రుక 50 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. పోగు 30 మైక్రాన్లు దాటితే దాని కొస చర్మానికి తగిలినప్పుడు వంగదు, గుచ్చుకుంటుంది. ముతక ఉన్ని దురద పెట్టేది అందుకే. చాలామంది తమకు ఉన్ని అలర్జీ ఉందనుకుంటారు గానీ ఎక్కువసార్లు అది ఈ గుచ్చుకోవడమే. మెరినో పోగు సన్నగా ఉండి వంగిపోతుంది కాబట్టి బనియన్‌లా నేరుగా వేసుకోవచ్చు. ఇబ్బంది కూడా ఆ సన్నదనంతోనే వస్తుంది. సన్న పోగు తొందరగా అరుగుతుంది, తొందరగా తెగుతుంది.

ఎన్నిసార్లు వేసుకున్నాక ఉతకాలి?

మీరనుకునే దానికన్నా తక్కువసార్లు ఉతికితే చాలు. చొక్కా మీద వేసుకునే స్వెటరైతే మరక పడకపోతే సీజన్ మొత్తానికి రెండు మూడు ఉతుకులు చాలు. ఒంటికి తగిలే టీషర్టును నాలుగైదుసార్లు వేసుకున్నాక ఉతికినా ఫరవాలేదు. వ్యాయామానికి వాడేదైతే చెమటను బట్టి మీరే చూసుకోవాలి. లోదుస్తులు, సాక్సులు మాత్రం వేసుకున్న ప్రతిసారీ ఉతకాల్సిందే. మెరినో సాక్సులు వారం రోజులు ఉతక్కుండా వేసుకుంటామని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇష్టం, నేను మాత్రం ఆ సలహా ఇవ్వను.

రోజులు లెక్కపెట్టడం కన్నా బట్టను చూడటం మంచిది. రాత్రంతా గాలికి ఉంచాక కూడా వాసన వస్తోందా, మెడ దగ్గర, చంకల దగ్గర జిడ్డుగా తగులుతోందా, మరక ఉందా? వీటిలో ఏ ఒక్కటైనా ఉంటే ఉతకండి. ఏదీ లేకపోతే వదిలేయండి.

ఉతక్కుండా వేసుకుంటే చెమట కంపు కొట్టదా?

పాలియెస్టర్ టీషర్టు ఒక్కరోజులో కొట్టే కంపు మెరినో మూడు నాలుగు రోజులకూ కొట్టదు. ఉన్ని పోగు తన బరువులో 30 శాతం దాకా నీటి ఆవిరిని లోపలికి లాక్కుంటుంది, అయినా చేతికి తడిగా తగలదు. చెమట ఇంకా ఆవిరిగా ఉండగానే పోగులోకి పోతుంది కాబట్టి ఒంటి మీద చెమ్మ తక్కువ. వాసన పుట్టించే బ్యాక్టీరియాకు కావాల్సింది ఆ చెమ్మే. ఇదొక్కటే కాదు. వాసన పదార్థాలను కూడా ఉన్ని లోపలే పట్టి ఉంచుతుంది, బయటికి అంత తేలిగ్గా వదలదు. ఉతికినప్పుడు వదిలేస్తుంది. పాలియెస్టర్‌లోకి నీళ్లు దాదాపు ఇంకవు, కానీ ఒంటి జిడ్డు మాత్రం దానికి గట్టిగా అంటుకుంటుంది. అందుకే ఉతికిన పాలియెస్టర్ కూడా కాస్త ఒళ్లు వేడెక్కగానే పాత వాసన కొడుతుంది.

కాబట్టి విప్పగానే మడతపెట్టి బీరువాలో తోయకండి, బట్టల బుట్టలోనూ పడేయకండి. రాత్రంతా కుర్చీ వీపు మీద గాలి తగిలేలా వేసి ఉంచండి. తెల్లారేసరికి చాలావరకు తేటపడుతుంది.

అసలు ఉన్ని ఎందుకు ముడుచుకుపోతుంది?

ముడుచుకోవడం రెండు రకాలు. వీటిని కలిపేసి చూడటం వల్లే అనవసరమైన భయాలన్నీ వస్తాయి.

మొదటిది చిన్నది. మిల్లులో బట్ట అల్లేటప్పుడు, కత్తిరించేటప్పుడు దాన్ని లాగి ఉంచుతారు. మొదటిసారి నీళ్లలో పడగానే ఆ లాగుడు వదిలి, బట్ట తన అసలు కొలతకు వస్తుంది. చేతుల పొడవు కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది. తడిగా ఉండగా సర్ది ఆరేస్తే చాలావరకు తిరిగి వస్తుంది.

రెండోది అసలు ప్రమాదం. ఉన్ని పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే దాని ఒంటినిండా, ఇంటి కప్పు మీద పెంకుల్లా, ఒకదాని మీద ఒకటి ఎక్కిన పొలుసులు కనిపిస్తాయి. అన్నీ పోగు కొస వైపే చూస్తుంటాయి. అందుకే పోగు మొదలు వైపు తేలిగ్గా జారుతుంది, కొస వైపు జారాలంటే పొలుసులు అడ్డుపడతాయి. తడిలో, వేడిలో పోగు మెత్తబడి సాగుతుంది, పొలుసుల అంచులు లేస్తాయి. ఆ సమయంలో బట్టను రుద్దినా, పిసికినా, మెషిన్‌లో గిరగిరా తిప్పినా ప్రతి పోగూ ఒకవైపుకే జరుగుతుంది, వెనక్కి రాదు. పక్క పోగులతో చిక్కుపడి బిగుసుకుంటుంది. కాసేపటికి బట్ట దళసరిగా, గట్టిగా, చిన్నగా తయారవుతుంది. ఫెల్ట్ టోపీలు, ఫెల్ట్ గుడ్డ కావాలనే ఇలా చేస్తారు. మన స్వెటర్ విషయంలో అది మనకు అక్కర్లేని పని.

నీళ్లు, వేడి, కదలిక: ఈ మూడింట్లో కదలికే ముఖ్యం. గోరువెచ్చని నీళ్లలో కదలకుండా నానిన ఉన్నికి ఏమీ కాదు. చల్లనీళ్లే కదా అని అరగంట బ్రష్‌తో రుద్దితే మాత్రం పాడవుతుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నూలు బట్ట తడిస్తే బలం పెరుగుతుంది. ఉన్ని తడిస్తే బలం తగ్గుతుంది. నూలు బట్టలు ఉతికి ఉతికి అలవాటైన చేతులు ఉన్నిని కూడా అలాగే మెలిపెట్టి పిండబోతాయి. చాలా స్వెటర్లు పాడయ్యేది అక్కడే.

లేబుల్ మీద మెషిన్ వాష్ అని ఉంది. నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఇప్పుడు దొరికే మెరినో టీషర్టులు, థర్మల్స్, సాక్సుల్లో చాలావాటికి సూపర్‌వాష్ అనే ప్రక్రియ జరిగి ఉంటుంది. క్లోరిన్‌తో పొలుసుల అంచులను అరగదీసి, పోగు మీద చాలా పలచని పాలిమర్ పూత వేస్తారు. పొలుసులు పట్టుకోవడం మానేస్తే పోగులు చిక్కుపడవు. అయితే ఇది కవచమేమీ కాదు. 60 డిగ్రీల నీళ్లలో తువ్వాళ్లతో కలిపి వేస్తే సూపర్‌వాష్ ఉన్ని కూడా పాడవుతుంది.

ఇంట్లో చేత్తో అల్లిన స్వెటర్ అయితే నూలుండ చీటీ మీద ఏముందో చూడాలి. చీటీ పోయి ఉంటే సూపర్‌వాష్ కాదనే అనుకుని చేత్తో ఉతకండి.

లేబుల్ మీది గుర్తులు అర్థం కావు. ఏవి ముఖ్యం?

నీళ్ల తొట్టి బొమ్మ ఉతుకు గురించి. దానిలో అంకె ఉంటే అంతకు మించి వేడి వద్దని అర్థం. తొట్టి కింద రెండు గీతలుంటే చాలా మెల్లగా తిరిగే ప్రోగ్రామ్, అంటే వూల్ ప్రోగ్రామ్. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలి. తొట్టి మీద ఇంటూ గుర్తుంటే నీళ్లలో వేయకూడదు. త్రికోణం మీద ఇంటూ అంటే బ్లీచ్ వద్దు, మెరినో మీద ఇది దాదాపు ఎప్పుడూ ఉంటుంది. చదరంలో గుండ్రం డ్రయర్‌కు గుర్తు. చదరంలో ఒక అడ్డగీత ఉంటే నేల మీద పరిచినట్టు ఆరేయాలి.

ఉన్ని నూలు చిలప మెలిపడినట్టుండే వూల్‌మార్క్ ముద్ర 1964 నుంచి వాడుకలో ఉంది. అది ఉన్ని నాణ్యతకు సంబంధించింది. ఆ ముద్ర కనబడింది కదా అని మెషిన్‌లో వేసేయకూడదు, తొట్టి బొమ్మ చూడాల్సిందే.

మెషిన్‌లో ఎలా వేయాలి?

వూల్ ప్రోగ్రామ్ పెట్టండి, అది లేకపోతే డెలికేట్. వేడి 30 డిగ్రీలు లేదా చల్లనీళ్లు. బట్టను తిరగేసి జాలీ సంచిలో వేయండి. జిప్పులన్నీ మూసేయండి, తెరిచి ఉన్న జిప్పు పళ్లు సన్న మెరినోను రంపంలా కోసేస్తాయి. జీన్స్, తువ్వాళ్లు, హుక్కులున్న లోదుస్తులు ఇవేవీ కలపకండి. డ్రమ్ములో సగానికి మించి నింపకండి.

వూల్ ప్రోగ్రామ్‌లో డ్రమ్ము ఎక్కువసేపు ఆగి ఉంటుంది, మధ్యమధ్యలో మెల్లగా కదులుతుంది. క్విక్ వాష్ దానికి బదులు కాదు. అది పావుగంటలో ముగిసినా ఆ కాసేపూ బట్టల్ని గట్టిగానే తిప్పుతుంది. తొందరగా అయిపోతుంది కాబట్టి సున్నితంగా ఉతుకుతుందనుకోవడం పొరపాటు.

స్పిన్ అంటే చాలామంది భయపడతారు, అంత భయం అక్కర్లేదు. స్పిన్‌లో బట్ట డ్రమ్ము గోడకు అతుక్కుని ఉంటుంది, దేనికీ రుద్దుకోదు. నిమిషానికి 600 నుంచి 800 చుట్ల మధ్య పెడితే చాలు. నీళ్లు కారుతున్న స్వెటర్‌ను ఆరేయడం కన్నా ఇదే మేలు.

మధ్యలో కడ్డీ తిరిగే టాప్ లోడ్ మెషిన్ ఉంటే ఉతుకు చేత్తో కానిచ్చి, స్పిన్ మాత్రం మెషిన్‌లో వేసుకోండి.

చేత్తో ఉతకడం ఎలా?

పెద్ద టబ్బు లేదా శుభ్రమైన బకెట్ తీసుకోండి. బట్ట ఇరుక్కోకుండా మునిగేంత చోటుండాలి. నీళ్లు 30 డిగ్రీలు, అంటే చెయ్యి పెడితే కాస్త చల్లగానే తోస్తాయి. మనం గోరువెచ్చన అనుకునేది తరచుగా 40 దాకా ఉంటుంది, అది అక్కర్లేదు. ముందు డిటర్జెంట్ వేసి నీళ్లలో కలిపేయండి, తర్వాతే బట్ట వేయండి. నేరుగా బట్ట మీద పోస్తే ఒకచోట గాఢంగా పట్టుకుని వదలదు.

బట్టను తిరగేసి ముంచి, అరచేతులతో మెల్లగా అదిమి వదలండి, మళ్లీ అదమండి. నీళ్లు పోగుల గుండా అటూ ఇటూ పోతే చాలు, మురికి దానంతట అదే వస్తుంది. రెండు చేతుల మధ్య పెట్టి రుద్దకండి. ఐదు పది నిమిషాలు నానితే సరిపోతుంది. రాత్రంతా నానబెడితే ఎక్కువ శుభ్రమవుతుందనేది అపోహ, రంగు మాత్రం దిగుతుంది.

జాడించడానికి అదే వేడి ఉన్న నీళ్లు వాడండి. నురగ పోయేదాకా రెండు మూడుసార్లు నీళ్లు మార్చండి. మార్చేటప్పుడు భుజాలు పట్టుకుని పైకెత్తకండి. తడిసిన స్వెటర్ చాలా బరువుంటుంది, ఆ బరువుకు సాగిపోతుంది. రెండు చేతులూ కిందికి పోనిచ్చి ముద్దగా ఎత్తండి, లేదా బట్టను ఒక పక్కకు అదిమి నీళ్లు పారబోయండి.

చివర్లో టబ్బు గోడకు అదిమి నీళ్లు తీసేయండి. పొడి తువ్వాలు పరిచి దాని మీద స్వెటర్ సర్ది, రెండూ కలిపి చాపలా చుట్టి, పైనుంచి చేతులతో గట్టిగా నొక్కండి. తువ్వాలు నీళ్లు పీల్చేస్తుంది. మందపాటి స్వెటరైతే ఇంకో పొడి తువ్వాలుతో మళ్లీ ఒకసారి చేయండి. ఇక్కడ పెట్టే ఐదు నిమిషాలు ఆరబెట్టడంలో సగం రోజు మిగులుస్తాయి.

ఏ డిటర్జెంట్ వాడాలి?

ఉన్ని కెరటిన్ అనే ప్రోటీన్. మామూలు బట్టల డిటర్జెంట్లలో ప్రోటీన్ మరకలు పోగొట్టడానికి ప్రొటీయేజ్ అనే ఎంజైమ్ వేస్తారు. దానికి రక్తం మరకకూ మీ స్వెటర్‌కూ తేడా తెలియదు. ఒకసారి వాడితే చిల్లులు పడిపోవు గానీ, ప్రతి ఉతుకులోనూ పోగును కొంచెం కొంచెం కొరుకుతూ పోతుంది. రెండేళ్లకు మోచేతుల దగ్గర బట్ట పలచబడితే వయసైపోయిందనుకుంటాం.

రెండో సమస్య క్షారం. ఉన్ని ఆమ్లాన్ని కొంత ఓర్చుకుంటుంది గానీ క్షారాన్ని ఓర్చుకోలేదు. బట్టల సోడా కలిసిన పొడులు, బార్ సబ్బులు క్షార గుణం ఉన్నవే. ఉప్పునీళ్లలో సబ్బు తెల్లటి మడ్డిలా విరిగి పోగులకు పట్టుకుంటుంది కూడా.

ఉన్ని, పట్టు బట్టలకోసం అని రాసి ఉన్న లిక్విడ్ తీసుకోండి, కథ అక్కడితో సరి. అది తటస్థంగా ఉంటుంది, ప్రొటీయేజ్ ఉండదు. వెనక పదార్థాల జాబితా ఒకసారి చూసి నిర్ధారించుకోవడం మంచిదే. కొలత కాస్త తగ్గించే వేయండి. నురగ ఎక్కువ వస్తే ఎక్కువ శుభ్రమైనట్టు కాదు, జాడించడానికి ఎక్కువ నీళ్లు కావాలని అంతే.

షాంపూతో ఉతకొచ్చా?

ఒకటి రెండుసార్లకు ఫరవాలేదు. జుట్టు కూడా కెరటినే కాబట్టి షాంపూ దాన్ని పాడుచేయదు. కండిషనర్ కలిపిన రకం కాకుండా సాదా షాంపూ, అదీ చిన్న చెంచాడు. నురగ వదిలించడానికి ఓపిక కావాలి.

ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే ఇంకా మెత్తబడుతుందా?

వేయకండి. అది పోగు మీద పూతలా పేరుకుంటుంది. చెమ్మ పీల్చే గుణం కోసమే మెరినో కొని, ఆ గుణాన్ని మూసేయడం ఎందుకు? మెరినో గరుకుగా తగులుతోందంటే సాధారణంగా లోపల డిటర్జెంట్ మిగిలిపోయింది. మంచినీళ్లలో ఇంకోసారి జాడించండి. ఆ నీళ్లలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపితే సబ్బు క్షారం విరుగుతుంది. వాసన ఆరేసరికి పోతుంది.

తెల్ల మెరినో పసుపురంగుకు తిరిగింది. బ్లీచ్ వేయొచ్చా?

వద్దు. క్లోరిన్ బ్లీచ్ ఉన్నిని తెల్లబరచదు, ఇంకా పచ్చబరుస్తుంది, గాఢంగా ఉంటే కరిగించేస్తుంది. ఆక్సిజన్ బ్లీచ్ పొడులు కూడా క్షారమే. ఉన్ని సహజంగానే పాలమీగడ రంగులో ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా పచ్చబడుతుంది. మల్లెపువ్వులాంటి తెలుపు కావాలనుకునేవాళ్లు నూలు కొనుక్కోవడమే నయం.

ఎలా ఆరేయాలి?

పరిచి, నీడలో, గాలి ఆడేచోట. జాలీ స్టాండు ఉంటే మంచిది, లేకపోతే పొడి తువ్వాలు మీద. తడిగా ఉండగానే భుజాలు, చేతులు, కింది అంచు చేత్తో సర్ది సరైన కొలతకు తీసుకురండి, ఎలా పరిస్తే అలాగే ఆరుతుంది. సగం ఆరాక తిరగేయండి, కింది తువ్వాలు మార్చండి. పలచని టీషర్టు ఒక్క రాత్రిలో ఆరుతుంది, దళసరి స్వెటర్‌కు రోజున్నర పట్టినా ఆశ్చర్యం లేదు. హీటర్ మీద, ఎండలో వేసి తొందరపెట్టకండి. తీగ మీద భుజాలకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే సాగి, భుజాల దగ్గర చెవుల్లా బొడిపెలు వస్తాయి. పలచని టీషర్టునైతే స్పిన్ అయ్యాక దండెం మీద నడుముకు మడిచి వేసుకోవచ్చు.

డ్రయర్‌లో వేయొచ్చా?

లేబుల్ మీద స్పష్టంగా అనుమతి ఉంటేనే, అదీ తక్కువ వేడిలో. లేకపోతే వద్దు. వేడి, కదలిక రెండూ ఒకేచోట ఉండే పెట్టె అది.

ఇస్త్రీ అవసరమా?

చాలాసార్లు కాదు. వేడినీళ్ల స్నానం చేస్తున్నప్పుడు బాత్రూంలో తగిలించి ఉంచితే ఆవిరికే ముడతలు దిగిపోతాయి. చేయాల్సి వస్తే రెండు చుక్కల వేడి, అంటే సుమారు 150 డిగ్రీలు దాటకుండా, పైన తడిగుడ్డ వేసి ఆవిరితో నొక్కండి. ఇటూ అటూ లాగకండి, నొక్కి ఎత్తండి. పొడి ఇస్త్రీపెట్టె నేరుగా తగిలితే ఉన్ని మీద మెరుపు మచ్చ పడుతుంది. నల్ల ప్యాంటు మీద అది బాగా కనిపిస్తుంది.

మరక పడింది. ఏం చేయాలి?

మొదట రుద్దకుండా అద్దండి. శుభ్రమైన గుడ్డతో మరక అంచుల నుంచి మధ్యకు అద్దుతూ రండి. తర్వాత చల్లనీళ్లు. రక్తం, గుడ్డు, పాలు వంటివాటికి వేడినీళ్లు తగిలితే మరక గట్టిపడి దిగబడిపోతుంది.

నూనె మరకపై వెంటనే టాల్కమ్ పౌడరో మొక్కజొన్న పిండో చల్లి ఓ గంట వదిలేసి దులపండి. మిగిలినదానికి ఒక చుక్క గిన్నెల లిక్విడ్ చాలు. కాఫీ, టీ, వైన్‌కు చల్లనీళ్లలో కొంచెం తెల్ల వెనిగర్ కలిపి అద్దండి. బురదైతే ఏమీ చేయకండి, పూర్తిగా ఆరనిచ్చి బ్రష్‌తో దులపండి. తడి బురదను తుడవబోతే లోపలికి నెట్టినట్టవుతుంది. మైనం పడితే ఐసుముక్కతో గట్టిపరిచి గోటితో తీసేయండి. బజార్లో దొరికే మరకల స్ప్రేలలో ఎక్కువభాగం ఎంజైమ్ ఉన్నవే, కొనేముందు చూసుకోండి. ఏది వాడినా ముందు లోపలి కుట్టు దగ్గర చుక్క వేసి రంగు దిగుతుందేమో చూడాలి.

కొన్న నెలకే చిన్న చిన్న ఉండలు లేచాయి. మోసపోయానా?

కాకపోవచ్చు. బట్టలోని పొట్టి పోగుల కొసలు బయటికొచ్చి, చంకల కింద, బ్యాగు పట్టీ కింద, సీటు తగిలేచోట రాపిడికి చుట్టుకుని ఉండలవుతాయి. మెత్తటి మెరినోలో ఇది ఎక్కువ, ఎందుకంటే మెత్తదనం కోసం నూలును వదులుగా వడుకుతారు. వదులు పోగులు రాలిపోయాక, కొన్ని ఉతుకులకు తగ్గుతుంది. నెలలు గడిచినా కొత్తవి లేస్తూనే ఉంటే మాత్రం నూలు నాసిరకమే.

చేత్తో పీకకండి, ఉండతోపాటు లోపలి పోగు కూడా వస్తుంది. బట్టను బల్ల మీద బిగుతుగా పరిచి, ఉన్ని దువ్వెనతోనో బ్యాటరీ షేవర్‌తోనో ఒకే దిశలో మెల్లగా తీయండి. సన్న టీషర్టుల మీద షేవర్ వాడేటప్పుడు కుట్ల దగ్గర జాగ్రత్త, క్షణంలో చిల్లు పడుతుంది.

స్వెటర్ ముడుచుకుపోయింది. మళ్లీ పాత సైజుకు వస్తుందా?

అల్లిక కళ్లు ఇంకా విడివిడిగా కనిపిస్తున్నాయా చూడండి. కనిపిస్తుంటే ఆశ ఉంది. గోరువెచ్చని నీళ్లలో కొంచెం జుట్టు కండిషనర్ కలిపి అరగంట నానబెట్టండి, తువ్వాలులో నొక్కండి, పరిచి నిదానంగా అన్నివైపులా సాగదీస్తూ కావాల్సిన కొలతకు తెచ్చి, అంచులకు తుప్పు పట్టని పిన్నులు పెట్టి ఆరనివ్వండి. కండిషనర్ ఇక్కడ జారుడు కోసమే, ఇందాక వద్దన్న ఫ్యాబ్రిక్ కండిషనర్‌లా ప్రతి ఉతుకులో వాడేది కాదు. తర్వాత ఓసారి మామూలుగా ఉతికేయండి.

కళ్లు కనపడకుండా బట్ట గుడ్డముక్కలా గట్టిపడిపోయి ఉంటే ఇక రాదు. పోగులు ముడిపడ్డాయి, ఏ ద్రవమూ వాటిని విప్పలేదు. వీడియోల్లో చూపించే మాయలన్నీ మొదటి రకం స్వెటర్లవే. గట్టిపడ్డ ముక్కను కత్తిరించినా పోగులు ఊడిరావు కాబట్టి చేతి సంచో షూ లోపలి అట్టో కుట్టుకోవచ్చు.

డ్రై క్లీనింగ్ మేలు కదా?

లోపల లైనింగ్, భుజాల్లో మెత్తలు ఉన్న కోటు, సూటు అయితే అవును, నీళ్లలో వాటి ఆకారం పోతుంది. స్వెటర్లకు, టీషర్టులకు అనవసరం. డ్రై క్లీనింగ్‌లో వాడే ద్రావకం జిడ్డును బాగా తీస్తుంది గానీ చెమటలోని ఉప్పు మామూలు నీళ్లకు పోయినంత తేలిగ్గా దానికి పోదు.

బీరువాలో దాచిన స్వెటర్‌కు చిల్లులు పడ్డాయి. చిమ్మటలేనా?

కావచ్చు. కానీ మీకు కనపడే ఎగిరే పురుగు బట్ట తినదు. దానికి తినే నోరే ఉండదు. గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆ గుడ్లలోంచి వచ్చే తెల్లటి సన్న పురుగు తింటుంది, కెరటిన్‌ను అరిగించుకోగల కొద్ది జీవుల్లో అదొకటి. పైగా అది వెలుతురు పడనిచోట, కదిలించని బట్టల్లో, మడతల లోపల ఉంటుంది. దీపం చుట్టూ తిరిగే పురుగులు వేరే జాతులవి, వాటిని చూసి కంగారుపడొద్దు. బట్టల మీద పట్టులాంటి సన్న గూడు, ఇసుకలా రెట్ట, చెల్లాచెదురుగా చిన్న చిల్లులు కనపడితే చిమ్మటే. కార్పెట్ పురుగు అనే చిన్న పెంకుపురుగు పిల్లలు కూడా ఇదే పని చేస్తాయి.

వాటికి ఉత్త ఉన్ని కన్నా చెమట, తిండి మరకలు ఉన్న ఉన్ని ఇష్టం. అందుకే, తక్కువ ఉతకమని ఇంతసేపు చెప్పినా, సీజన్ అయిపోయి దాచేముందు మాత్రం తప్పకుండా ఉతకాలి. పూర్తిగా ఆరాక, గట్టిగా మూసుకునే జిప్పు సంచిలోనో డబ్బాలోనో పెట్టండి. వేలాడదీయకండి, మడత పెట్టండి.

ఇప్పటికే పట్టి ఉంటే ఫ్రీజర్ మంచి మందు. బట్టను పాలిథిన్ కవర్‌లో గాలి తీసేసి కట్టి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఈలోగా బీరువా మూలలు, అరల పగుళ్లు వాక్యూమ్ చేయండి. ఈ పని వదిలేస్తే ఫ్రీజర్ కష్టమంతా వృథా. ఆడ చిమ్మట వాసన పెట్టి అమ్మే జిగురు ఉచ్చులు మగ చిమ్మటలనే పట్టుకుంటాయి, కాబట్టి అవి ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి పనికొస్తాయి తప్ప పీడ వదిలించవు.

కలరా ఉండలు వేస్తే సరిపోదా?

నాఫ్తలీన్ పనిచేయాలంటే దాని ఆవిరి గాలిచొరని పెట్టెలో నిండాలి. అలా పనిచేసే ఆవిరి మనం పీల్చడానికీ మంచిది కాదు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకు ఇది ఎర్ర రక్తకణాలు పగిలిపోయేంత ప్రమాదం. యూరోపియన్ యూనియన్ 2008లోనే నిషేధించింది. పైగా ఆ వాసనను ఉన్ని పీల్చుకుని నెలల తరబడి వదలదు. దేవదారు చెక్కముక్కలు హానికరం కావు గానీ కొత్త వాసన ఉన్నన్నాళ్లే కొంత పనిచేస్తాయి, ఉన్న పురుగును చంపవు. గట్టిగా మూసుకునే డబ్బా వీటన్నిటికన్నా నయం.

చిమ్మటలు లేవు, అయినా టీషర్టుకు నాభి దగ్గర సన్న చిల్లులు. ఎందుకు?

ప్యాంటు గుండీ, బెల్టు బకిల్, వంటగట్టు అంచు. ఈ మూడూ కలిసి సన్న బట్టను అక్కడే నలిపి అరగదీస్తాయి. భుజాల దగ్గరైతే బ్యాగు పట్టీల పని. చదరపు మీటరుకు 150 గ్రాముల బట్ట రోజువారీ రాపిడికి తట్టుకోవడం కష్టం. బ్యాగు మోస్తూ తిరిగేవాళ్లకు 200 గ్రాములది, లేదా కొంచెం నైలాన్ కలిసినది నయం. సాక్సుల్లో నైలాన్ కలిపేది అందుకే. నూటికి నూరుపాళ్లు మెరినో అని రాసి ఉన్న సాక్సులు చూడటానికి ఖరీదైనవిగా ఉన్నా మడమ దగ్గర ముందు పోతాయి.

చిల్లు పడితే బాగుచేయొచ్చా?

ఒక కన్ను తెగి ఉండగానే పట్టుకుంటే పది నిమిషాల పని. ఆలస్యమైతే అల్లిక నిలువునా జారిపోతుంది. తెగిన కన్నును సన్న సూదితో లోపలివైపు నుంచి పట్టి, అదే రంగు సన్న ఉన్నిదారంతో చుట్టూ ఉన్న కళ్లను కలుపుతూ కుట్టండి. మామూలు నూలు దారం ఉన్నికన్నా గట్టిది, అల్లికతోపాటు సాగదు, కొన్నాళ్లకు పక్క పోగుల్ని కోసేస్తుంది. బటాణీ గింజ కన్నా పెద్ద చిల్లయితే లోపల కొయ్య బంతో బల్బో పెట్టి బిగుతుగా పట్టుకుని, ముందు నిలువు దారాలు వేసి, వాటి మధ్య ఒకటి విడిచి ఒకటి పైకీ కిందికీ అడ్డదారం నేస్తూ రఫ్ఫు చేయాలి. చిల్లు అంచు దాటి చుట్టూ ఓ సెంటీమీటరు మేర గట్టి బట్టలోకి కుట్టు వెళ్లాలి, లేకపోతే రఫ్ఫు పక్కనే కొత్త చిల్లు పడుతుంది. కొన్నప్పుడు లేబుల్‌తోపాటు చిన్న చీటీకి చుట్టి ఇచ్చే దారపు ముక్క దీనికోసమే, పారేయకండి.